లస్కరు చేతిలో ఫైర్‌బాల్

(భీమవరంలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, ఆటల మీద ఇష్టమున్న విద్యార్థులు పాత విద్యార్థిని ఒకరిని పిలిచి మాట్లాడించారు. రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది. మధ్యలో కరెంటు పోయినప్పటి గోల తీసేశాం.)

వెనక బెంచీల వాళ్ళకి వినబడుతోందా? చెయ్యెత్తండి. సరే.

నన్ను పిలిచిన తమ్ముడు ఫోన్లో ఏమన్నాడంటే, “అక్కా, బాల్డర్స్ గేట్ 3లో విజార్డ్‌ని, అదే మాంత్రికుణ్ణి, తీసుకున్నాను. అందరూ మహా బలవంతుడంటారు. నా దగ్గర మాత్రం ప్రతి ఫైట్‌లోనూ ముందు పడిపోయేది వాడే” అని. అతనెవరో నేను చెప్పను. మూడో వరసలో తల దించుకున్నాడు కాబట్టి చెప్పక్కర్లేదు కూడా. (నవ్వులు)

ఆట తెలియనివాళ్ళు కూడా కొందరు వచ్చినట్టున్నారు. వాళ్ళకోసం రెండు ముక్కలు. 2023 ఆగస్టులో లారియన్ స్టూడియోస్ విడుదల చేసిన ఆట ఇది. మీ బృందంలో నలుగురుంటారు. కథ నడుస్తూ నడుస్తూ గొడవ మొదలైందంటే ఆట ఆగిపోయి, అందరూ వంతులవారీగా కదలాలి. నియమాలు చాలామటుకు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని కాగితం మీద పాచికలతో ఆడే ఆటవి, అందులో అయిదో ఎడిషన్‌వి. పన్నెండో లెవెల్ దాకా ఎదగొచ్చు. చాలు.

వంతులవారీ అన్న మాట నేను ఆటలో నేర్చుకున్నది కాదండి. మా నాన్న కాలవ మీద లస్కరు, అంటే తలుపులెత్తీ దించీ నీళ్ళు వదిలే మనిషి. లాకు పక్కనే క్వార్టరు, అందులోనే పెరిగాను. సార్వాకి ఏముంది, గోదారి నిండుగా ఉంటుంది, తలుపులెత్తితే అందరికీ పారుతుంది. దాళ్వా, అదే రెండో పంట, వచ్చిందంటేనే మా ఇంట్లో తగువులు. నీళ్ళు చాలవు కాబట్టి వంతులు పెడతారు. ఇన్నాళ్ళు ఈ కాలవకి, ఇన్నాళ్ళు ఆ కాలవకి. తన వంతు కానివాడు రాత్రిపూట తూము ఎత్తుకున్నాడా, శివారున ఎవడిదో చేను నెర్రెలిచ్చినట్టే. మా నాన్న అరిచే మనిషి కాదు, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషీ కాదు. కర్రలు పట్టుకుని నలుగురు పెద్ద రైతులు వచ్చి నిలబడ్డా, తాళంచెవి ఆయన మొలలో ఉన్నంతసేపు నీళ్ళు ఆయన చెప్పిన వైపే పారేవి. విజార్డ్ అంటే నాకు ఆయనే గుర్తొస్తాడు. (నవ్వులు) నవ్వండి, పర్లేదు. నేను చెప్పబోయేది మాత్రం అదే. మీరు వాడిని ఫిరంగి అనుకుంటున్నారు, వాడు లస్కరు. ఎదుటివాడి వంతు ఆపడానికి వాడున్నాడు.

ఫిరంగి అనుకోవడం మీ తప్పు కూడా కాదులెండి. పుట్టుకే అలాంటిది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది, గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేశారు. దానికి మూడేళ్ళ ముందు, 1971లో, చైన్‌మెయిల్ అని బొమ్మ సైనికులతో ఆడే యుద్ధపు ఆట ఉండేది. అందులో మాంత్రికుడు విసిరే అగ్నిగోళం దెబ్బకి కొలత ఏమిటో తెలుసా? కోటల మీదకి రాళ్ళు విసిరే యంత్రం దెబ్బ. పిడుగు మంత్రానికి ఫిరంగి దెబ్బ కొలత. అంటే యాభయ్యేళ్ళ కిందట నిజంగానే వాడు గడ్డం పెట్టుకున్న ఫిరంగి. ఆట మారింది, మన అలవాటు మారలేదు.

అయిదో లెవెల్ రాగానే ఫైర్‌బాల్, అదే ఆ అగ్నిగోళం, చేతికొస్తుంది. తెర మీద పెద్ద మంట, చప్పుడు, ఆరుగురి నెత్తిన ఒకేసారి అంకెలు లేస్తాయి. ఎవడికి ఆనందం ఉండదు? ఇప్పుడు లెక్క చూద్దాం. ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేస్తారు, సగటున 28. తప్పించుకున్నవాడికి అందులో సగం, 14. ఎదురుగా ఆరుగురున్నారు, తలా 40 హెచ్‌పీ, అంటే ప్రాణం లెక్క, అనుకోండి. మీ మంత్రం గట్టిదనం, అదే స్పెల్ సేవ్ డీసీ, ఇంటెలిజెన్స్ 18 ఉన్న అయిదో లెవెల్ విజార్డ్‌కి 15. ఎనిమిదీ, నేర్పుకి, అదే ప్రొఫిషెన్సీకి, మూడూ, తెలివికి నాలుగూ. ఎదుటివాడికి ఒకటి కలుస్తుందనుకుంటే, తప్పించుకోవడానికి ఇరవై ముఖాల పాచిక మీద వాడికి కనీసం 14 పడాలి. నూటికి 65 సార్లు అది పడదు. ఆరుగురిలో నలుగురు కాలారు, ఇద్దరు సగం కాలారు. మొత్తం 140 డామేజ్. అబ్బో!

చచ్చినవాళ్ళెంతమంది?

సున్నా. ఇప్పుడు వాళ్ళ వంతు. ఈ ఆటలో ఒక దుర్మార్గం ఉంది, పన్నెండు హెచ్‌పీ మిగిలినవాడు కూడా నలభై ఉన్నప్పుడు ఎంత గట్టిగా కొడతాడో అంతే గట్టిగా కొడతాడు. కుంటడు, మూలగడు. ఆరుగురూ కాలిన మొహాలతో నేరుగా మీ విజార్డ్ మీదకే వస్తారు. వాడి ఒంట్లో ఏముందని? కాన్‌స్టిట్యూషన్, అదే ఒంటి గట్టితనం, 14 ఉంటే అయిదో లెవెల్‌లో 32 హెచ్‌పీ. మూడో వరస తమ్ముడూ, నీ వాడు ఎందుకు పడిపోతున్నాడో అర్థమైందా?

అదే మూడో లెవెల్ స్లాట్‌తో, అంటే ఫైర్‌బాల్‌కి ఖర్చయ్యే ఆ ఒక్క వాడకంతోనే, హిప్నోటిక్ పాటర్న్ అనే మంత్రం వెయ్యండి. నష్టం సున్నా. కానీ అదే 65 శాతం లెక్కన నలుగురు నోరు తెరుచుకుని నిలబడిపోతారు. వంతు వచ్చినా కదలరు. మీ నలుగురు, వాళ్ళ ఇద్దరు. మెలకువగా ఉన్న ఇద్దరినీ చుట్టుముట్టి చంపండి, తరవాత మిగిలినవాళ్ళని ఒక్కొక్కరినే లేపి చంపండి. దెబ్బ తగిలితే మేలుకుంటారు కాబట్టి ఒక్కొక్కరినే అన్నాను. మీ బార్బేరియన్ ఆవేశపడి అందరి మధ్యా గొడ్డలి గిరగిరా తిప్పాడో, నిద్రపోతున్న వీధికుక్కల మధ్య సీమటపాకాయ పేల్చినట్టే. ఇంకోటి, ఆ రంగుల మెరుపు మీవాళ్ళనీ వదలదు. ముందు మంత్రం పడాలి, ఆ తరవాతే మీవాళ్ళు ముందుకెళ్ళాలి.

మన అరుగుల మీద పులి మేక ఆడేవారు కదా, సుద్దతో గీసి, చింతగింజలూ రాళ్ళూ పెట్టి. మీలో ఎంతమంది ఆడారు? నలుగురా. మీ అమ్మమ్మల్ని అడగండి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి చంపొచ్చు. మేక పులిని చంపడమన్నది ఆ ఆటలోనే లేదు. అయినా మేకలు గెలుస్తాయి, పులులకి కదిలే చోటు లేకుండా చేసి. మా నాయనమ్మ మేకలు పట్టుకుంటే మా మామయ్యలు కూడా పులులు పట్టుకునేవారు కాదు.

ఇక రెండో విషయం, దీనిమీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే నేను ఎక్కువ ఏడ్చింది దీనివల్లే. కాన్సంట్రేషన్. హిప్నోటిక్ పాటర్న్, హోల్డ్ పర్సన్, వెబ్, హేస్ట్ లాంటి మంచి మంత్రాలన్నీ వేసి వదిలేసేవి కావు, పట్టుకుని ఉండాల్సినవి. ఒకసారికి ఒకటే పట్టుకోగలరు. రెండోది వేస్తే మొదటిది జారిపోతుంది. పట్టుకుని ఉండగా దెబ్బ తగిలితే పాచిక వెయ్యాలి. పది రావాలి, లేదా తగిలిన దెబ్బలో సగం రావాలి, ఏది పెద్దదైతే అది. ఈ ఆటలో కాలు జారి కిందపడినా మంత్రం పోతుంది.

నేను మొదటిసారి ఆడినప్పుడు హేస్ట్ వచ్చిందని సంబరపడిపోయి మా యోధురాలు లాయెజెల్ మీద వేశాను. హేస్ట్ అంటే ఒక వంతులో అదనంగా ఇంకో పని. ఆవిడ రెచ్చిపోయి శత్రువుల నడిమధ్యకి వెళ్ళింది. నా విజార్డ్ వెనకాల బయట, నట్టనడి మైదానంలో, కోత కోసిన చేలో దిష్టిబొమ్మలాగా నిలబడి ఉన్నాడు. ఎవడో ఒక బాణం వేశాడు. పెద్ద దెబ్బ కాదు, ఆరో ఏడో. పాచిక వేస్తే నాలుగు పడింది, కాన్‌స్టిట్యూషన్‌కి రెండు కలిపితే ఆరు. పోయింది. హేస్ట్ పోతే ఊరికే పోదు. ఎవరి మీద వేశామో వాళ్ళు ఒక వంతు పాటు నీరసించి రాయిలా నిలబడిపోతారు. ముగ్గురి మధ్య లాయెజెల్ రాయి! ఆ రాత్రి నేను సేవ్ చేసింది రెండు గంటల కిందట. ఆ రెండు గంటలూ మళ్ళీ ఆడాను, ఏం చేస్తాం.

అందుకని పాత్ర తయారుచేసేటప్పుడే ఇంటెలిజెన్స్ తరవాత ఒంటి గట్టితనం చూసుకోండి. కాన్‌స్టిట్యూషన్ 16 పెడితే పాచికకి మూడు కలుస్తుంది. చిన్న దెబ్బకి మంత్రం నిలబడే అవకాశం నూటికి 70. నాలుగో లెవెల్‌లో వార్ కాస్టర్ అనే ఫీట్, అదే ప్రత్యేక విద్య, తీసుకుంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు, అప్పుడు 91. తెలివి పెంచుకోవాలా, ఇది తీసుకోవాలా అని జనం కొట్టుకుంటారు. నేను వార్ కాస్టరే తీసుకుంటాను. జారిపోయే మంత్రం ఎంత గట్టిదైతే ఏం?

అసలు దెబ్బే తగలకుండా ఉంటే ఇంకా నయం. ఒక వంతులో కొంత నడిచి, మంత్రం వేసి, మిగిలిన అడుగులు మళ్ళీ నడవొచ్చు. దీన్ని వాడనివాళ్ళే ఎక్కువ. స్తంభం చాటునుంచి బయటికి రండి, వెయ్యండి, మళ్ళీ చాటుకి పొండి. మనం కొబ్బరితోటల్లో దొంగాట ఆడిన వాళ్ళమే, వేరే నేర్పాలా? ఎవడైనా మీద పడితే మిస్టీ స్టెప్ మంత్రం ఉంది, బోనస్ యాక్షన్‌లో, అంటే వంతులో దొరికే చిన్న అదనపు పనితో, 18 మీటర్ల అవతల తేలతారు.

డెక్స్‌టెరిటీ, అదే చురుకుదనం, కూడా వదలకండి. కాగితం మీద ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఎవరు ముందు అన్నదానికి ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఇక్కడ నాలుగు ముఖాలదే. అంటే డెక్స్‌టెరిటీ 16 ఉన్న మీ విజార్డ్‌కి తక్కువలో తక్కువ నాలుగు. డెక్స్‌టెరిటీ పది ఉన్న శత్రువుకి ఎక్కువలో ఎక్కువ నాలుగు. తలుపుల దగ్గరికి ముందు చేరేది లస్కరే. శత్రువులింకా గుంపుగా ఉండగానే మీ వంతు వస్తుంది. వంతులు ఆపే మంత్రానికి అంతకంటే మంచి సమయం లేదు. ఒకసారి చెదిరిపోయి మీవాళ్ళతో కలిసిపోయాక ఎక్కడ వేసినా మనవాడొకడు అందులో ఉంటాడు.

ఇప్పుడు తడి. మన జిల్లాల వాళ్ళకి తడి గురించి చెప్పాలా! (నవ్వులు) ఈ ఆటలో ఒళ్ళు తడిసినవాడికి పిడుగు, చలి మంత్రాలు రెట్టింపు తగులుతాయి. క్లెరిక్ చేత, అంటే పూజారి చేత, క్రియేట్ వాటర్ మంత్రం వేయించండి, లేకపోతే నీళ్ళ సీసా తీసి విసరండి. తరవాత మీ లైట్నింగ్ బోల్ట్ 28 కాస్తా 56. నిజంగా ఫిరంగిలా వాడాలంటే అలా వాడండి, నేనొద్దనను. కానీ తడిసినవాడికి నిప్పు సగమే తగులుతుంది. ముందు నీళ్ళు, తరవాత ఫైర్‌బాల్ వేసిన మహానుభావులని చూశాను. ఆ నీళ్ళ గుంటలో మన కాళ్ళు కూడా ఉన్నాయేమో చూసుకోవాలి.

మరొకటి. ఎదుటివాడి బలం చూసి భయపడతాం, వాడి బలహీనత చూడం. రైట్ క్లిక్ చేసి ఎగ్జామిన్ నొక్కితే వాడి జాతకమంతా వస్తుంది. ఓగ్రుని చూడండి. కొండంత రాక్షసుడు, ఒక్క దెబ్బతో మీ విజార్డ్‌ని పచ్చడి చేస్తాడు. వాడి ఒళ్ళు గట్టిది. కానీ బుర్ర? మొదటి లెవెల్ మంత్రం ఉంది, టాషాస్ హిడియస్ లాఫ్టర్. విజ్‌డమ్ సేవ్, అదే తప్పించుకునే పాచిక, పడకపోతే కిందపడి పగలబడి నవ్వుతాడు. దెబ్బ తగిలినప్పుడల్లా తేరుకోవడానికి ఇంకోసారి పాచిక వేసుకుంటాడు, అది చూసుకోవాలి. అయినా మొదటి లెవెల్ స్లాట్‌తో వాళ్ళలో పెద్దవాడి వంతు పోయింది. హోల్డ్ పర్సన్ వాడి మీద పడదు, అది మనుషుల్లాంటి వాళ్ళ మీదే. మనుషుల్లాంటి వాళ్ళ మీద పడిందా, కదలకుండా బిగుసుకుపోతారు, దగ్గరికెళ్ళి కొట్టిన ప్రతి దెబ్బా క్రిటికల్, అంటే పెద్ద దెబ్బే.

దాళ్వా లెక్కకి వద్దాం. అయిదో లెవెల్ విజార్డ్‌కి మొదటి లెవెల్ స్లాట్లు నాలుగు, రెండోవి మూడు, మూడోవి రెండు. మొత్తం తొమ్మిది. ఆర్కేన్ రికవరీ అనే విద్యతో ఇంకో మూడు లెవెళ్ళ విలువైన స్లాట్లు తిరిగొస్తాయి. అంతే రోజంతటికీ. పూర్తిగా పడుకుని లేవాలంటే మామూలు డిఫికల్టీలో 40 క్యాంప్ సామాన్లు ఖర్చు. కొందరు మొదటి ఫైట్‌లోనే తూములన్నీ ఎత్తేస్తారు, శివారు చేను, అంటే సాయంత్రం వచ్చే బాసు ఫైట్, ఎండిపోతుంది. ఇంకొందరున్నారు, వాళ్ళు నాకింకా ఆశ్చర్యం. ఆట అయిపోయేదాకా స్క్రోల్స్, అదే మంత్రం రాసిన చుట్టలు, దాచి, స్లాట్లు దాచి, నీళ్ళు సముద్రం పాలు చేస్తారు. మా వాడుక ఒకటుంది. ఒక ఫైట్‌కి ఒక పెద్ద మంత్రం, మొదటి వంతులోనే. అది పట్టుకుని, తరవాత చాటునుంచి ఫైర్ బోల్ట్ అనే చిన్న నిప్పు మంత్రం వేసుకుంటూ కూర్చోవడమే. దానికి స్లాట్ ఖర్చు లేదు, కాన్సంట్రేషన్ తగులు లేదు. ఆ పెద్ద మంత్రం జారితేనే రెండోది.

దాచుకోవడం అంటే కర్ణుడే గుర్తొస్తాడు. కవచకుండలాలిచ్చి ఇంద్రుడి దగ్గర తీసుకున్న శక్తి, ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచాడు. పద్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడు సైన్యాన్ని చీల్చి చెండాడుతుంటే అందరూ మీద పడి వెయ్యమంటే వేశాడు. కర్ణుడు తప్పు చేశాడంటారు. నేనలా అనను. ఆ రాత్రి వెయ్యకపోతే తెల్లారేదే కాదు. ఆటలో మెచ్చుకోవలసింది అవతల కూర్చుని ఆ స్లాట్ ఖర్చుపెట్టించినవాణ్ణి. ఎదుటి మాంత్రికుడి దగ్గర కౌంటర్‌స్పెల్, అదే మన మంత్రాన్ని మధ్యలో ఆపేది, ఉందని తెలిస్తే మీరూ అదే చెయ్యండి. మీ బృందంలో ఇంకొకరి చేత ముందు ఒక మామూలు మంత్రం వేయించండి. వాడు దాన్ని ఆపితే వాడి రియాక్షన్ అయిపోయింది, వాడి వంతు వచ్చేదాకా ఇంకోటి లేదు. అప్పుడు మీ పెద్దది. లేదా 18 మీటర్ల అవతల నిలబడి వెయ్యండి, వాడి చెయ్యి అందదు. వాడే ఒక మంత్రం పట్టుకుని ఉన్నాడనుకోండి, మ్యాజిక్ మిసైల్. గురి తప్పదు, మూడు ముక్కలు, ఒక్కో ముక్కకీ వాడు విడిగా పాచిక వేసుకోవాలి. నష్టం చూసి ఆ మంత్రాన్ని చిన్నచూపు చూడకండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ అమ్మాయికి మైకివ్వండి.

“మేడమ్, ఫైర్‌బాల్ అసలు వెయ్యొద్దంటారా?”

లేదమ్మా, వెయ్యండి. పక్కపక్కనే నిలబడ్డ చిన్నాచితకా గోబ్లిన్లు ఎనిమిదిమంది, తలా ఇరవై లోపు హెచ్‌పీ, అప్పుడు వెయ్యకపోతే పాపం. ఒక్క మంత్రంతో ఎక్కువమంది వంతులు శాశ్వతంగా పోతాయి కదా. చావు కూడా వంతు ఆపడమే. 28తో చస్తారా చావరా అన్నదొక్కటే చూసుకోండి. ఎవొకేషన్ స్కూల్, అంటే ఫైర్‌బాల్ లాంటి మంత్రాల శాఖ, తీసుకుంటే రెండో లెవెల్ నుంచి ఆ స్కూల్ మంత్రాలు మీవాళ్ళని కాల్చవు, అప్పుడు ఇంకా ధైర్యంగా వెయ్యొచ్చు.

“అక్కా, విజార్డ్ కంటే ఆ ఇంకో రకం మాంత్రికుడు, సోర్సరర్, నయం కాదా? మా రూమ్‌మేట్ రోజూ వాదిస్తాడు.”

ఒకే మంత్రం ఇద్దరి మీద పడేలా చేసే విద్య సోర్సరర్ దగ్గరుంది, ఒప్పుకుంటాను. విజార్డ్ స్క్రోల్ దొరికితే పుస్తకంలో రాసుకుంటాడు, లెవెల్‌కి 50 బంగారం, సొంత స్కూల్‌దైతే అందులో సగం. ఎదురుగా ఉన్నది ఎవరో చూసి, ఫైట్ బయట ఉండగానే మంత్రాలు మార్చుకోవచ్చు. నేను లస్కరు కూతుర్ని, తాళంచెవుల గుత్తి ఉన్నవాడి పక్షమే. మీ రూమ్‌మేట్‌కి మెరుపులిష్టమైతే ఆయనిష్టం.

“కొట్టకుండా ఇలా ఆపుకుంటూ కూర్చుంటే బోరు కొట్టదా అండీ?”

కొట్టేది మీ బార్బేరియన్ కదా బాబూ, వాణ్ణి కూడా మీరే ఆడిస్తున్నారు. (నవ్వులు) అయినా మాటలెందుకు. మూడో వరస తమ్ముడూ, లాప్‌టాప్ తెచ్చావన్నారుగా, ఇటు తీసుకురా. ఆ కేబుల్ ప్రొజెక్టర్‌కి పెట్టండి. నువ్వు నిన్న చచ్చిపోయిన సేవ్ ఏదో అదే తెరువు.

ఆఁ, వచ్చింది. చూశారా, ఎక్కడ నిలబెట్టాడో, మైదానం మధ్యలో. ముందు వాణ్ణి ఆ గోడ చాటుకి నడిపించు. ఇంకా. ఇంకా. అక్కడ ఆపు. ఇప్పుడు పైన వరస చూడు, నీ తరవాత వంతు ఎవరిది? ఓగ్రుది.

నవ్వించు వాణ్ణి.